దవడల మధ్య ఎర్ర దారం

రేణుక నోట్లోంచి రెండు మంచి పండ్లు పీకించింది మీరే. నాగర్‌కర్నూలు నుంచి తెల్ల కారులో వచ్చి, చెప్పులకు మట్టి అంటకుండా గట్టు మీద నిలబడి చేను చూసిపోయే విత్తనపత్తి ఆర్గనైజర్, మొదటి పేరు నీది. బిజినేపల్లి నుంచి బండి మీద వచ్చి పొద్దంతా మా వెనక తిరిగే సూపర్‌వైజర్ హరీష్, రెండో పేరు నీది. వనపర్తి సందులో ఒక కుర్చీ వేసుకుని, ఎవరు నోరు తెరిస్తే వాళ్ల నోట్లో పటకారు పెట్టే పండ్లాయనా, మూడో పేరు నీది. నాలుగో పేరు నాది. మొదటి పన్ను పీకించడానికి రేణుకను ఆటో ఎక్కించి తీసుకుపోయింది నేనే. అది దాచిపెట్టి మిమ్మల్ని తిడితే నా తిట్టు చెల్లదు. అందుకే ముందే రాస్తున్నాను.

మాది బీచుపల్లికి ఇవతల ఎర్రనేల. వానాకాలం వచ్చిందంటే ఎటు చూసినా విత్తనపత్తి. బట్టలు నేసే పత్తి కాదు, వేరే ఊళ్ల రైతులు మరుసటేడు నాటుకునే గింజల కోసం పెంచే పత్తి. దానికి ఆడవాళ్ల చేతులు కావాలి. పొద్దు తిరిగాక, రేపు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకుని బొటనవేలి గోరుతో తొక్క ఒలవాలి. లోపలున్న పుప్పొడి కాడలను గీకి పారేయాలి. ఒలిచిన మొగ్గ ఆకుల్లో కలిసిపోకుండా దానికి ఎర్ర దారం ముక్క చుట్టాలి. తెల్లారి వచ్చి, ఆ ఎర్ర దారాలను వెతుక్కుంటూ, వేరే మడిలోంచి తెంపుకొచ్చిన మగపువ్వును వాటి మీద రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. దారం కట్టని మొగ్గ పోయినట్టే. అందుకని మాకు గోరు ఎంత ముఖ్యమో దారమూ అంతే ముఖ్యం.

పద్నాలుగు మందిమి, పద్నాలుగు సాళ్లు. రెండు చేతులూ మొగ్గ మీదే ఉంటాయి. మరి దారం కట్ట ఎక్కడ పెట్టుకోవాలి? పోయినేడు వరకు బొడ్లో చెక్కుకునేవాళ్లం. పోగు తీసుకున్నప్పుడల్లా చెయ్యి ఒక్క క్షణం ఆగేది, ఆ క్షణంలో ఒక మాట కలిసేది. మా అందరిలోకి పెద్దది నాగేంద్రమ్మ. రేణుక అత్త. ఆమె కథ మొదలుపెడితే చేను చివరిదాకా ఆగేది కాదు. పక్క సాలులో ఉన్నవాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే ఆమె కథా ఆగేది. సచ్చినారా ఏందే, ఊఁ అనరు, అని గదమాయించేది. ఎక్కువగా ఊఁ కొట్టేది కోడలే. అత్త వెనక సాలు ఆమెది.

ఈ ఏడు ఆర్గనైజర్ కొత్తగా హరీష్‌ను పెట్టాడు. వచ్చిన వారానికే అతను మాకు పని నేర్పించాడు. కట్టను పండ్ల మధ్య పట్టుకోండి, తల వంచకుండా పోగు లాగొచ్చు, చెయ్యి కిందికి పోయే పని లేదు అన్నాడు. చేసి చూపించాడు కూడా. నిజంగానే పని జల్దీ అయింది. తర్వాత నవ్వుతూ అసలు మాట అన్నాడు.

“నోట్ల దారముంటే నోరు నడవది. నోరు నడవకుంటే చెయ్యి నడుస్తది.”

మేమూ నవ్వాం. బుద్ధి లేక నవ్వాం. ఆ రోజుతో నాగేంద్రమ్మ కథ సగంలో ఆగిపోయింది. నక్కను పెండ్లి చేసుకున్న కుమ్మరాయన కథ అది. కుండలు కాల్చే ఆవంలోని ఒక కుండలో నక్క తల దూర్చిందని చెప్పి ఆపింది. జూలై నుంచి ఆ నక్క తల ఆ కుండలోనే ఉంది.

వినాయక చవితి దాటేసరికి రేణుకకు చెవి నొప్పి మొదలైంది. చెవిలో నూనె పోశాం. తర్వాత కణతలు. తర్వాత పొద్దున లేవగానే చెంపలు పట్టేసి, నోరు రెండు వేళ్ల కంటే ఎక్కువ తెరుచుకునేది కాదు. జొన్నరొట్టె కొరకలేక పప్పులో నానబెట్టుకుని మింగేది. ఇరవయ్యారేళ్ల పిల్ల, ముసలామె తిన్నట్టు తినేది. దవడపన్ను పుచ్చింది కావచ్చు అన్నాను నేను. డాక్టరు కంటే ముందు రోగం పేరు చెప్పే అలవాటు నాది. వనపర్తి తీసుకుపోయాను. బోర్డు మీద పండ్ల డాక్టర్ అని రాసి ఉంది. లోపల అరటిగెలలు కట్టి ఉంటే బాగుండేది, కనీసం ఎవరికీ నష్టం జరిగేది కాదు. ఆయన రేణుక నోట్లోకి టార్చి వేసి, ఎక్కడ నొప్పి అని అడిగి, ఆమె వేలు ఎక్కడ పెడితే అక్కడ పీకాడు. నాలుగు రోజులకు నొప్పి మళ్లీ వచ్చింది. పక్క పన్ను అన్నాడు. అదీ పీకాడు. మళ్లీ వచ్చింది. ఈసారి ఎడమ పక్కది, ఆదివారం రమ్మన్నాడు.

ఇంట్లో ఇంకో గోల. నాగేంద్రమ్మ కోడలితో మాట్లాడడం మానేసింది. రేణుక మొగుడు శివ బోరు లారీ మీద రాయచూరు దిక్కు పోయి నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లిద్దరే. అత్త చెప్పేది ఒకటే మాట, కోడలు తన మీద పండ్లు నూరుతున్నదని. ఎప్పుడు నూరింది, ఎందుకు నూరింది అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అత్త మీద కోడలు పండ్లు నూరడం వింతా? ఆ మాటకు కోపం అనే అర్థం తప్ప ఇంకోటి ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు. రేణుక దేవుడి మీద ఒట్టు వేసింది, నాకు అత్త మీద కోపం లేదని. ఒట్టు వేసినా ముసలామె నమ్మలేదు. రెండు మీటర్ల దూరంలో పడుకునే ఇద్దరు మనుషులు రెండు నెలలు మాట్లాడుకోలేదు.

గురువారం మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు నాకు కండ్లు తెరుచుకున్నాయి. చెట్టు కింద కూర్చుని చూస్తున్నాను. రెబెకా ఉల్లిగడ్డను పండ్లతో కొరక్కుండా రాయితో చితగ్గొట్టుకుంటున్నది. దేవమ్మ రొట్టెను తుంచి నీళ్లలో వేసుకున్నది. ఇంకొకామె చెంప మీద అరచెయ్యి పెట్టుకుని నములుతున్నది. నేను నా రొట్టె చూసుకున్నాను. అదీ పప్పులో నానుతున్నది. ఎప్పటి నుంచి నానబెట్టుకుంటున్నానో నాకే గుర్తు లేదు.

దవడ నొప్పి ఉన్నోళ్లు చెయ్యెత్తండి అన్నాను.

ఒక్కొక్క చెయ్యీ లేచింది. పదకొండు. నా చెయ్యి కూడా కలిపి పదకొండు. అందరూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకుని ఉలిక్కిపడ్డారు. ఎవరికి వాళ్లు తమ ఒక్కరికే అనుకున్నారు. ఎత్తని ముగ్గురిలో ఇద్దరు పోయిన సోమవారమే పనిలోకి వచ్చారు. మూడో ఆమె రాములమ్మ. ఆమెకు దవడపండ్లు ఎప్పుడో ఊడిపోయాయి. కట్టను కొరికి పట్టుకోలేక మొదటి రోజు నుంచి ముంజేతికి, గాజుల పైన కట్టుకుంటుంది. ముసలిదని హరీష్ ఊరుకున్నాడు.

లేచి నిలబడ్డాను. పదకొండు మందికి ఒకే కాలంలో పండ్లు పుచ్చుతాయా? పుచ్చితే కుడిదో ఎడమదో పుచ్చాలి గాని, అందరికీ రెండు చెంపలూ, రెండు కణతలూ ఎట్లా లాగుతాయి? కట్ట పట్టుకున్నవాళ్లకు నొప్పి, పట్టుకోని ఆమెకు లేదు. ఇది లెక్క తెలిసినవాళ్లు చెప్పాల్సిన మాటా? అయిదో తరగతిలో బడి మానేసిన దాన్ని నేను, నాకే కనబడింది. మరి మీకెట్లా కనబడలేదు?

రేణుక పక్కన కూర్చుని చెప్పాను, ఆదివారం వనపర్తి పోవద్దు, రేపు పొద్దున్నే గద్వాల సర్కారు దవాఖానకు పోదాం, అక్కడ చదువుకున్న పండ్ల డాక్టరమ్మ ఉందట అని. రేణుకకు ఆశ లేదు. ఆమె మాటే ఆమె నోట్లోంచి పూర్తిగా రావడం లేదు. “అక్కా, ఎవరో ఒకరు పీకేస్తే అయిపోతది. అన్ని పీకేసినా మంచిదే, నొప్పి పోతె చాలు” అన్నది. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. నొప్పి మీద కాదు, ఆ మాట అనిపించినవాళ్ల మీద.

హరీష్‌కు తెలిసింది. పొద్దున పువ్వు రుద్దే పని ఎగ్గొట్టినోళ్లు మళ్లీ సాలులోకి రానక్కర్లేదన్నాడు. సరే అన్నాను. మా పద్నాలుగు మంది గోర్లు లేకుండా నీ పత్తి ఎట్లా కాస్తుందో నేనూ చూస్తానన్నాను.

శుక్రవారం పొద్దున మేం పోయేసరికి నాగేంద్రమ్మ ముందే ఆటోలో కూర్చుని ఉంది. కొంగు నిండుగా కప్పుకుని, పెండ్లికి పోతున్నదాని లెక్క. ఎందుకు పెద్దమ్మా అని అడిగితే, డాక్టరుకు నిజం చెప్పనీకె వస్తున్న అన్నది. ఎర్రవల్లి చౌరస్తా దాటి గద్వాల చేరేదాకా అత్త ఒక అంచున, కోడలు ఒక అంచున, మధ్యలో నేను.

డాక్టరమ్మ పేరు అమూల్య. చిన్న వయసు. రేణుకను కుర్చీలో పడుకోబెట్టి, సన్నని ఇనుప పుల్లతో ఒక్కొక్క పన్నునూ తట్టింది. వనపర్తి ఆయన ఆదివారం పీకుతానన్న పన్నునూ తట్టింది. నొప్పి లేదు. చల్లగాలి కొట్టింది. నొప్పి లేదు. తర్వాత రెండు చెంపల మీద వేళ్లు పెట్టి కండను నొక్కింది. రేణుక కుర్చీలోంచి సగం లేచింది.

డాక్టరమ్మ పండ్ల కొసలు చూసింది. కొడవలి పదును పోయినట్టు చదునుగా అరిగి ఉన్నాయి. నిద్రలో పండ్లు నూరుతావా అని అడిగింది. రేణుక తల అడ్డంగా ఊపింది. లేదు డాక్టరమ్మా, నాకు గసుంటి అలవాటు లేదు అన్నది.

నాగేంద్రమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. రెండు నెలలు అదిమిపెట్టుకున్నదంతా ఒక్కసారే బయటికి వచ్చింది.

“అబద్ధం. నా కోడలికి పండ్ల నొప్పి లేదు, ఏం లేదు. నా మీద కోపం. కట్ట నోట్ల పెట్టుకున్నకాడికెళ్లి రాత్రయితే చాలు, నా దిక్కు మొహం పెట్టుకొని కటకట పండ్లు నూరుతది. ఇసుర్రాయిల జొన్నలు ఏసినట్టు. నేను ఆమెకు ఏం పాపం జేసిన, అడుగుండ్రి.”

డాక్టరమ్మ చేతిలో పుల్ల కింద పెట్టేసింది. ముసలామె దగ్గరికి దాదాపు ఉరికినట్టు వచ్చింది.

“అమ్మా, మళ్ల చెప్పు. ఎన్ని రోజుల నుంచి నూరుతుంది? రోజూనా?”

తనను నమ్మే మనిషి దొరికిందని నాగేంద్రమ్మ మొహం వెలిగింది. రోజూ అన్నది. ఎట్లా నూరుతుందో తానే నూరి చూపించింది. ఆ చప్పుడు వింటుంటే నాకే పండ్లు జివ్వుమన్నాయి. డాక్టరమ్మ రేణుక వైపు తిరిగి చెప్పింది, నిద్రలో నూరేవాళ్లకు తాము నూరుతున్నట్టు తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకే తెలుస్తుంది అని. చాలామంది కడుపులో పురుగులనుకుని మాత్రలు మింగుతారట, అదీ కాదట. ఈ జబ్బును ఇంత బాగా చెప్పే సాక్షి మీకు ఇంట్లోనే ఉంది, ఈమెను ఎందుకు ముందే ఎవరూ అడగలేదు అన్నది. నేను తల వంచుకున్నాను.

“అంటే కోపం గాదా?” అన్నది నాగేంద్రమ్మ.

“కోపం కాదమ్మా. పొద్దంతా మూట మోసినోళ్ల పిక్కలు రాత్రి కూడా గుంజుతయ్ కదా. దవడకూ గట్లనే. అది బిగుసుకోనీకె అలవాటు పడ్డది. నిద్రల కూడా ఇడుస్తలేదు.”

“మరి నా దిక్కే ఎందుకు మొహం పెడ్తది?”

“మీరు అటు దిక్కు పండుకుంటరు గనక.”

రేణుక కుర్చీలోనే కూర్చుని అత్తను చూస్తున్నది. నేను నిజంగ నూరుతున్ననా అత్తా, నాకు తెల్వదు అన్నది. రెండు నెలల తర్వాత అత్తను పిలవడం అదే. ముసలామె ముక్కు చీది, గోడ మీద బొమ్మ చూస్తూ నిలబడింది.

డాక్టరమ్మ అడిగింది, పొద్దంతా పండ్లు బిగబట్టే పని ఏం చేస్తావని. నేను బొడ్లోంచి దారం కట్ట తీసి ఆమె అరచేతిలో పెట్టాను. కట్ట నడుమ పండ్ల అచ్చులు లోతుగా దిగి ఉన్నాయి. ఎర్ర రంగు ఉమ్మితో కరిగి గడ్డకట్టింది. అది పొద్దు తిరిగిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా మా నోట్లో ఉంటుందని, విడిస్తే పడిపోతుందని, అందుకని విడవమని చెప్పాను. ఆమె కట్టను అటూ ఇటూ తిప్పింది. ఎవరు చెప్పారు ఇట్లా పట్టుకోమని అని అడిగింది. పేర్లు చెప్పాను. రాసుకున్నది.

దారం ఒక్కటే కారణమని నేను అననన్నది డాక్టరమ్మ. మనసులో దిగులు, సరైన నిద్ర లేకపోవడం, ఇంట్లో మాటలు లేకపోవడం, ఇవన్నీ దవడ మీదకే వస్తాయట. కానీ రోజూ అయిదారు గంటలు కండను బిగబట్టి పెడితే ఎవరి దవడైనా మొరాయిస్తుందన్నది. ఎడమ పన్ను మీద వేలు పెట్టి చెప్పింది, “ఇది మంచిగుంది. దీన్ని పీకితే నొప్పి పోదు, పన్ను పోతది.”

ఆ మాట విని నేను బల్ల మీద గుద్దాను. పక్కగదిలోంచి నర్సు తొంగిచూసింది.

ఇక మందు. వేడినీళ్లలో ముంచిన బట్ట పిండి చెంపలకు పెట్టుకోవాలి, పొద్దునా సాయంత్రమూ. కొన్నాళ్లు మెత్తనివి తినాలి. రాత్రి పండ్లు ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో పెట్టుకునే తొడుగు ఒకటి చేసిస్తారట, దానికి మెత్తని ముద్దను కొరికించి అచ్చు తీసుకున్నది. వారంలో రమ్మన్నది. నోరు అసలే తెరుచుకోకపోతే మాత్రం అదే రోజు రమ్మన్నది. ఇవన్నీ తేలికే. అసలు మందు వేరే ఉంది. తినేటప్పుడు తప్ప పై పండ్లూ కింది పండ్లూ కలవకూడదు. పెదాలు కలవాలి, పండ్లు కలవకూడదు. ఇదే పొద్దంతా గుర్తుపెట్టుకోవాలి.

రేణుకకు అది రావడం లేదు. పెదాలు మూయమంటే పండ్లూ టక్కున మూసుకుంటాయి. పండ్లు విడదీయమంటే నోరే తెరుచుకుంటుంది. డాక్టరమ్మ చెంప మీద వేలు పెట్టి చూస్తుంది, కండ మళ్లీ రాయి. నాలుక పైన పెట్టమంది, ఊపిరి వదలమంది. పదిసార్లు చేయించింది. రేణుక కండ్లలో నీళ్లు తిరిగాయి, నాతో గాదు డాక్టరమ్మా అన్నది. నాకూ రాలేదు. నేనూ అక్కడే నిలబడి చేసి చూసుకున్నాను, నా చెంప కూడా రాయే.

అప్పుడు తలుపు దగ్గర నుంచి నాగేంద్రమ్మ గొణిగింది.

“ఊఁ గొట్టినట్టా?”

డాక్టరమ్మ అర్థం కాక చూసింది. ముసలామె లోపలికి వచ్చింది. కోడలి ఎదురుగా నిలబడి, కథ చెబుతుంటే ఎట్లా అంటారో అట్లా, పెదాలు కలిపి, ముక్కులోంచి ఊఁ అన్నది. డాక్టరమ్మ వేలు ఈసారి ముసలామె చెంప మీదికి పోయింది. ఊఁ. కండ మెత్తగా ఉంది. పెదాలు కలిసే ఉన్నాయి, లోపల పండ్లు విడిపోయి ఉన్నాయి.

“నువ్వు అను” అన్నది అత్త.

రేణుక అన్నది. ఊఁ. డాక్టరమ్మ ఆమె చెంప నొక్కి, పిండిముద్దలోకి దిగినట్టు వేలు దిగేసరికి చిన్నపిల్లలా నవ్వింది. ఇదే, ఇదే, ఆ ఊఁ అన్నాక నోరు ఎట్లుందో అట్లనే ఉంచు అన్నది. నేను అన్నాను. నర్సు వచ్చి అన్నది. ఆ గదిలో నలుగురైదుగురం ఒకరి చెంపలు ఒకరం పట్టుకుని ఊఁ ఊఁ అంటుంటే, బయట లైనులో ఉన్నవాళ్లు లేచి నిలబడి లోపలికి చూస్తున్నారు.

నాకు ఆ నిమిషంలో వెలిగింది. పోయినేడు వరకు మాకు ఈ మందు చేనులోనే ఉండేది. నాగేంద్రమ్మ కథ చెప్పేది, మేం ఊఁ కొట్టేవాళ్లం, నిమిషానికోసారి దవడ వదులయ్యేది. ఎవరికీ నొప్పి రాలేదు. హరీష్ మా మాట ఆపాననుకున్నాడు. ఆపింది మా ఊఁ. నోట్లో కట్టతో ఊఁ అని చూడండి, పండ్లు విడిపోతే కట్ట జారిపోతుంది. రోగం పెట్టినవాడే మందు ఎత్తుకుపోయాడు. ఈ సంగతి వెంటనే చేనులో చెప్పాలి. తిరుగు ఆటో ఎక్కేదాకా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మేం వచ్చేసరికి పొద్దు తిరిగింది. మొగ్గలు ఒలిచే వేళ. అందరి నోళ్లలో కట్టలు. హరీష్ గట్టు మీద ఉన్నాడు.

“ఏం జములక్కా, పండ్లు పీకించుకొచ్చినవా, నోరు పీకించుకొచ్చినవా?” అన్నాడు.

“నీ కట్ట పీకనీకె వచ్చిన” అన్నాను.

సాళ్ల మధ్యలో నిలబడి అందరినీ కట్టలు తీయమన్నాను. చెంపల మీద వేళ్లు పెట్టుకుని పండ్లు బిగబట్టమన్నాను. కండ వేళ్ల కింద ఎగిరింది కదా, ఇప్పుడు ఊఁ అనమన్నాను. పత్తిచేను మొత్తం ఊఁ అన్నది. ఒక్కొక్కరి మొహం మారిపోవడం నేను చూశాను. రెబెకా చెంప తడుముకుంటూ, నా మొహం నాకు తిరిగొచ్చింది అన్నది. రాములమ్మ మాత్రం నవ్వింది. ముప్పై ఏండ్ల సంది మా ఆయన ఏం చెప్పినా ఊఁ గొడ్తున్న, గందుకే నాకు రోగం లేదు అన్నది. ఆమె ముంజేతికున్న కట్టను అందరికీ చూపించాను. గాజుల పైన ఒక చుట్టు, చివర వదులుగా, కుడిచేత్తో లాగితే పోగు వస్తుంది. ఆమె సాలులో వెళ్లి చూడమన్నాను హరీష్‌ను. దారం లేని ఒలిచిన మొగ్గ ఒక్కటి దొరికితే, కట్ట నేనే మళ్లీ కొరుకుతానన్నాను. అతను సాలు పొడుగునా పోయి వచ్చాడు. దొరకలేదు. ఫోను తీసి ఆర్గనైజర్‌కు చేశాడు.

ఫోనులో ఆర్గనైజర్ గొంతు మా అందరికీ వినబడింది. గిట్ల మధ్యలో పద్ధతి మారిస్తే పరేషాన్ అయితది, వచ్చే సీజన్ చూద్దాం అన్నాడు. వచ్చే సీజన్‌కు రేణుక నోట్లో ఎన్ని పండ్లు మిగలాలో కూడా నువ్వే చెప్పు అని నేను అరిచాను. ఫోను పెట్టేశాడు.

ఎవరు ముందు చేశారో తెలియదు. కట్టలు ముంజేతుల మీదికి ఎక్కాయి. ఒకరికి ఒకరు కట్టుకున్నారు. నాగేంద్రమ్మ తన సాలులో నిలబడి మొగ్గ పట్టుకున్నది. వెనక సాలులో రేణుక. ముసలామె ఒక మొగ్గ ఒలిచింది, దారం చుట్టింది, ఇంకొకటి ఒలిచింది. గొంతు సవరించుకున్నది.

“నక్క కుండల తల పెట్టింది గదా” అన్నది.

పన్నెండు మందిమి ఊఁ అన్నాం. ఆమె కదలలేదు. మొగ్గ చేతిలోనే ఉంది. వెనక్కి తిరక్కుండానే అన్నది, “రేణుకా, నువ్వు గొట్టు. నువ్వు అంటేనే చెప్త.”

“ఊఁ” అన్నది రేణుక.

కథ కదిలింది. నక్క తల కుండలోంచి రాలేదు, కుమ్మరాయన కుండ పగలగొట్టాలా, నక్కను కొయ్యాలా అని ఆలోచిస్తున్నాడు. పొద్దు గూకేలోపల మేం రోజూ ఒలిచినన్నే ఒలిచాం. హరీష్ గట్టు మీద కూర్చుని విన్నాడు. కుమ్మరాయన ఏం చేసిండు అని తనే అడిగాడు ఒకసారి. ఊఁ గొడితే చెప్త అన్నది నాగేంద్రమ్మ.

ఆదివారం రేణుక వనపర్తి పోలేదు. ఆ పొద్దున అత్త పొయ్యి మీద నీళ్లు కాచి, పాత చీర ముక్క ముంచి, కోడలి చెంపలకు తానే పెట్టింది. పండ్ల తొడుగు వచ్చింది. రాత్రి ఇంకా నూరుతుందట, కానీ తక్కువ. చప్పుడయితే నాగేంద్రమ్మ ఇప్పుడు తిట్టదు, భుజం తట్టి అటు తిప్పుతుందట. నోరు మూడు వేళ్లంత తెరుచుకుంటున్నది. నిన్న రేణుక జొన్నరొట్టె అంచు కొరికింది. ఎడమ పక్కన. పీకుతానన్న పన్నుతోనే.

కుడి పక్కవి రెండూ మాత్రం రావు. అందుకే ఈ కాగితం.

ఆర్గనైజర్, వచ్చే సీజన్ అనే మాట వెనక్కి తీసుకో. గద్వాల నుంచి కోడేరు దాకా నువ్వు విత్తనపత్తి పెట్టించిన ప్రతి చేనులో, రేపు పొద్దు తిరిగేలోపల, ఆడవాళ్ల నోళ్లలోంచి దారం కట్టలు తీయించు. ముంజేతికి కట్టుకునే పట్టీ నువ్వే కుట్టించి ఇవ్వు. చేనులో మాట మీద, కథ మీద, ఊఁ మీద ఆంక్ష లేదని గట్టు మీద నిలబడి నీ నోటితో చెప్పు, హరీష్‌తో చెప్పించకు. రేణుక పోయిన పండ్ల చోట కొత్తవి నువ్వు పెట్టించు. వనపర్తి పండ్లాయనా, నీ చదువు కాగితం గోడకు తగిలించు, లేదా ఆ కుర్చీ మడిచి పెట్టు. సర్కారు వాళ్లూ, ఈ సీజన్ అయిపోకముందే వారానికొక్కరోజు పండ్ల డాక్టరును మండలం దవాఖానకు పంపండి, మా మొగ్గలు ఆగవు గనక మేం గద్వాల దాకా రాలేం. మీరు ముగ్గురూ చేసేదాకా మేం ఆగం. చెల్లెలా, అక్కా, నువ్వు ఏ చేనులో ఉన్నా సరే, ఇది చదివించుకున్న వెంటనే ఆ కట్టను నోట్లోంచి తీసి చేతికి కట్టు. పెదాలు మూసి, పండ్లు విడిచి, ఊఁ అను. ఇప్పుడే అను.